వెనక్కి వెళ్ళే బాణం

పోయిన వారం చెల్లెమ్మను ఎక్కడ వదిలేశామో మీకు గుర్తుండే ఉంటుంది. కంటి ఆసుపత్రి మూడో అంతస్తులో, కంప్యూటర్ల గదిలో, కుర్చీలోంచి సగం లేచి, పూర్తిగా లేవలేకా తిరిగి కూర్చోలేకా అలాగే ఉండిపోయింది. ఎదురుగా గడియారాల మేస్త్రి. లిఫ్టు ఉన్న సంగతి ఎవరూ చెప్పకపోవడంతో చేతికర్రతో మెట్లు వెతుక్కుంటూ మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. ఆయాసమైనా తీరకముందే ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "నాకు ఒక్కసారే ఎందుకు ఫోను చేశారమ్మా?" అని.

పాపం, వారం రోజులుగా ఆయన్ను నిలబెట్టే ఉంచాం. ముందు ఆయనకు కుర్చీ వేద్దాం.

కుర్చీ వేసింది చెల్లెమ్మే. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, మంచినీళ్ళు ఇచ్చింది, ఫ్యాను స్పీడు పెంచింది. జవాబు ఒక్కటి తప్ప అన్నీ ఇచ్చింది. జవాబు ఆమెకు తెలియక కాదు. తెలిసిన మనిషి ఈ భవనం మొత్తం మీద ఆమె ఒక్కతే, అదే కదా ఆమె కష్టం.

ఆసుపత్రిలో ఆమెను అందరూ చెల్లెమ్మ అనే పిలుస్తారు, ఆమె కంటే పదేళ్ళు చిన్నవాళ్ళతో సహా. ఆ పిలుపు ఆమె అన్నయ్యది. పదిహేనేళ్ళ కిందట వెంటబెట్టుకొచ్చి, "మా చెల్లెమ్మ, కంప్యూటరు బాగా వచ్చు" అని పరిచయం చేశాడు. అంతే, ఆ రోజు నుంచి అసలు పేరు జీతం కాగితాలకే పరిమితమైపోయింది. అన్నయ్యకేమో బాణాలాయన అని పేరు. ఆసుపత్రిలో ఏ పని ఎలా జరగాలో గడులు గీసి, గడికీ గడికీ బాణం కలిపి, ఆ కాగితాన్ని ఆ పని జరిగే చోట గోడకు అంటించేవాడు. రోగి వచ్చాడు, బాణం. చీటీ రాయించాడు, బాణం. చుక్కల మందు వేశారు, బాణం. ఆయన నడవాలో కనిపిస్తే "తల వంచుకోండర్రా, బాణాలొస్తున్నాయి" అని నవ్వుకునేవాళ్ళు. ఇంట్లోనూ అదే వరస. పెళ్ళైన కొత్తలో "ఈవిడకు కోపం వచ్చిందా?" అని ఒక గడి గీసి, అవునన్న బాణమూ కాదన్న బాణమూ రెండూ చుట్టు తిరిగి క్షమాపణ గడికే చేరేట్టు వేశాడు. వదిన దాన్ని మురిపెంగా వంటగది తలుపుకు అంటించుకుంది. రంగు వెలిసిపోయినా ఇప్పటికీ తియ్యలేదు.

ఆ బాణాలాయన ఎనిమిది నెలల కిందట ఇదే అంతస్తులో, తన బల్ల దగ్గరే గుండె ఆగి పోయాడు. పోయేనాటికి అన్నా చెల్లెళ్ళ మధ్య ఆరేళ్ళుగా మాటల్లేవు. ఫైలు పంపావా, పంపాను, ఇంతే. అంతకు ఆరేళ్ళ ముందు అమ్మ పోయిన రోజున, వచ్చిన నలుగురి ముందూ చెల్లెమ్మ నోరు జారింది. "అమ్మకు కన్ను కావాలని నువ్వు సరిగ్గా రాయించి ఉంటే ఆమె ఇలా చీకట్లో పోయేది కాదు" అంది. అన్నయ్య తల ఎత్తలేదు, మారు పలకలేదు. తప్పు చేసినవాడు కాబట్టే పలకలేదని ఆమె అనుకుంది. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ముందడుగు వెయ్యలేదు. ఇక వెయ్యడానికి ఆయన లేడు.

ఇప్పుడు మేస్త్రి అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం.

అయిదు నెలల కిందట ఆసుపత్రికి కొత్తగా టీమ్ సైట్, అంటే ఉద్యోగులంతా తమ పనులు చూసుకునే వెబ్‌సైట్, వచ్చింది. పనులన్నీ అందులోనే జరగాలన్నారు. గోడల మీద కాగితాలు ఊడదీశారు. బాణాలాయన గీసిన నలభై ఒక్క బొమ్మలూ ఆయన డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో భద్రంగానే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా సైట్‌లో పనుల వరస తయారుచేసే డిజైనర్ అనే ప్రోగ్రాంలోకి ఇంపోర్ట్ చెయ్యడం చెల్లెమ్మ పని. చేస్తే బొమ్మలో ఒక్కో గడి ఒక్కో పనిగా మారుతుంది. ఒక పని పూర్తికాగానే తర్వాతి పని ఎవరిదో వాళ్ళ స్క్రీన్ మీద దానంతటదే వచ్చి కూర్చుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే ఆ డిజైనర్‌కు రెండు పట్టింపులున్నాయి. ప్రతి గడికీ బాణం తగిలి ఉండాలి. బాణాలన్నీ ముందుకే పోవాలి. ఒక్కటి వెనక్కి తిరిగినా బొమ్మ మొత్తాన్ని తిప్పికొడుతుంది.

నలభై బొమ్మలు నోరెత్తకుండా లోపలికి వెళ్ళాయి. నలభై ఒకటోది మొరాయించింది. అది ఫోన్ల బొమ్మ. దానం వచ్చిన కంటిపొర, అంటే కార్నియా, ఆసుపత్రికి చేరగానే, జాబితాలో మొదటి పేరుకు ఫోను చెయ్యాలి. ఎత్తితే రమ్మనాలి. ఎత్తకపోతే? అక్కణ్ణుంచి అన్నయ్య ఒక బాణాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ ఫోను గడికే కలిపాడు. అరగంట ఆగి మళ్ళీ చెయ్యి, మూడుసార్లు చెయ్యి, అప్పటికీ ఎత్తకపోతే పక్కింటి నంబరుకు చెయ్యి, ఆ తర్వాతే రెండో పేరుకు వెళ్ళు. ఇదీ ఆ బాణం అర్థం. డిజైనర్ దాని మీద ఎర్రగుర్తు వేసింది. బొమ్మలో ఒక మూల ఏ బాణమూ తగలని గడి ఇంకోటి ఉందని, దాని మీద ఇంకో ఎర్రగుర్తు వేసింది.

దీనికి దారి లేదా అంటే ఉంది. ఫోను గడిని మూడుసార్లు వరసగా ముందుకు రాసుకుంటూ పోతే సరిపోతుంది. గంట పని. చెల్లెమ్మకు అది కొట్టిన పిండి. కానీ ఆ రోజు ఆమె మనసు బాగాలేదు. పొద్దుటి నుంచీ పోయినవాడి గీతలను మౌసుతో నిమురుతూ కూర్చుంది, లోపల ఏదో కెలుకుతూనే ఉంది. ఎర్రగుర్తు చూడగానే ఆ కెలుకుడంతా కోపమై పైకొచ్చింది. చచ్చినా వెనక్కి లాగడం మానవు కదా, అనుకుంది. అనుకుని బాణాన్ని తీసేసింది. మూలనున్న గడినైతే చదవను కూడా చదవకుండా తీసేసింది. బొమ్మ చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఫోన్ల దగ్గర కూర్చునే నర్సు కొత్తమ్మాయి. గోడమీద పాత కాగితాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. పోయిన నెలలో కంటిపొర వచ్చింది. స్క్రీన్ చెప్పినట్టు మొదటి పేరుకు ఫోను చేసింది. ఎత్తలేదు. 'ఎత్తలేదు' అని నొక్కింది. స్క్రీన్ రెండో పేరు చూపించింది. పద్నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న మేస్త్రి పేరు జాబితాలోంచి జారిపోయింది. కంటిపొర ఇంకొకరికి వెళ్ళిపోయింది.

"కొత్త సిస్టమ్ అండీ," అంది చెల్లెమ్మ చివరికి. "అది మళ్ళీ మళ్ళీ చెయ్యడం ఒప్పుకోదు."

మేస్త్రి నీళ్ళగ్లాసు బల్ల అంచు కోసం తడిమి, దొరికాక జాగ్రత్తగా పెట్టాడు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కన్ను మీద పాలమీగడ కట్టినట్టు తెల్లటి పొర. నలభై ఏళ్ళు భూతద్దం తగిలించుకున్న కన్ను అది.

"ఆగిపోయిన గడియారాలు పట్టుకొచ్చేవాళ్ళు కూడా నాతో ఇదే అంటారమ్మా. దానంతటదే ఆగింది మేస్త్రీ, మేమేం చెయ్యలేదు అని," అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, మామూలుగానే అన్నాడు. "పేరు రాయించుకున్న రోజున మీ అన్నయ్య నా వేలు పట్టుకుని ఆ గోడమీది కాగితం మీద నడిపించాడు. ఇదిగో ఇది ఫోను మేస్త్రిగారూ, మీరు ఎత్తలేదనుకోండి, ఇలా చుట్టు తిరిగి మళ్ళీ ఫోను దగ్గరికే వస్తాం, అన్నాడు. నా వేలును మూడుసార్లు తిప్పాడు. కంగారు పడకుండా స్నానం చెయ్యండి, నిద్రపోండి, మేం వదలం అన్నాడు. ఆ మాట పట్టుకునే కూర్చున్నానమ్మా."

చెల్లెమ్మ కంప్యూటరు తెరకేసి చూసింది. సిస్టమ్ మీద తోసేసి చేతులు దులుపుకోవచ్చు. ఆయనకు కనిపించదు, కనుక్కోలేడు. ఆయన తరఫున కంప్యూటరులో చూసి అడిగేవాళ్ళూ ఎవరూ లేరు. కానీ ఆయన చూపుడువేలు బల్లమీద తనకు తెలియకుండానే చిన్న చుట్టు గీస్తోంది. మళ్ళీ గీస్తోంది. ఆ వేలిని చూస్తూ అబద్ధం ఆడటం ఆమె వల్ల కాలేదు.

"సిస్టమ్ కాదండీ. నేనే తీసేశాను," అంది. "వేరే దారి ఉందని తెలిసీ తీసేశాను. మా అన్నయ్య మీద కోపంతో."

మేస్త్రి వేలు ఆగింది. ఆమె తిట్ల కోసం సిద్ధపడింది, తిడితే బాగుండుననీ అనుకుంది.

"పదకొండింటికి చేశారు," అన్నాడాయన. "సరిగ్గా పదకొండింటికి. నా కొట్లో ఇరవై మూడు గోడగడియారాలున్నాయి. అన్నీ ఒకేసారి పదకొండు గంటలు కొడతాయి. అన్నిటినీ ఒక్క క్షణం తేడా లేకుండా కలిపిపెట్టినవాణ్ణి నేనే. అదొక గొప్పగా ఉండేది నాకు. ఆ మోతలో ఫోను ఎక్కడ వినిపిస్తుంది? సాయంత్రం మా ఆవిడ వచ్చి ఫోను చూసి, ఆసుపత్రి నుంచి ఎవరో చేశారయ్యా అంది."

"ఆ మర్నాడు అన్నీ ఆపేశాను," అన్నాడు. "మళ్ళీ ఫోను వస్తే వినబడాలి కదా. గడియారాల కొట్టులో టిక్కుమన్న చప్పుడు లేదిప్పుడు. వచ్చినవాళ్ళు ఎవరైనా పోయారా మేస్త్రీ అని అడుగుతున్నారు."

చెల్లెమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఆయన ముందు తుడుచుకోవలసిన పనీ లేదు, ఆ సంగతే ఆమెను మరింత ఏడిపించింది.

"మీ అన్నయ్య మీద నీకు కోపమెందుకో నాకు తెలియదు. నేనడగను," అని మేస్త్రి కర్ర అందుకున్నాడు. "కానీ ఆ బాణం ఊరికే వెయ్యలేదమ్మా ఆయన. ఎందుకు వేశాడో కూడా చెప్పాడు. ఎవరో ఒకావిడట. కన్ను వచ్చింది రమ్మని ఇక్కణ్ణుంచి ఫోను చేస్తే ఎంగేజ్ అని వచ్చిందట. ఇంట్లో రిసీవరు తీసి పక్కన పెట్టి ఉందట. వీళ్ళు రెండో పేరుకు వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరూ చెయ్యలేదు. ఆవిడ చూపు లేకుండానే పోయిందట. అది చెబుతున్నంతసేపూ ఆయన నా చెయ్యి వదల్లేదు. బాగా దగ్గరివాళ్ళే అయ్యుంటారనిపించింది. నేనేం అడుగుతాను?"

రిసీవరు అన్న మాట దగ్గర చెల్లెమ్మకు ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. ఎందుకో అప్పటికి తెలియలేదు.

లిఫ్టు దాకా తీసుకెళ్ళింది. తలుపు మూసుకోబోతుంటే ఆయన కర్ర అడ్డం పెట్టి అడిగాడు. "ఆ బాణం మళ్ళీ పెడతావా?" పెడతానంది. "పెట్టాక నాకు ఫోను చెయ్యి. గడియారాలు తిప్పుకుంటాను," అని కర్ర లోపలికి లాక్కున్నాడు.

చెల్లెమ్మ అక్కణ్ణుంచి తిన్నగా పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పెద్ద డాక్టరమ్మ కేకలు వేసే మనిషి కాదు, అది ఇంకా కష్టం. ఈ అయిదు నెలల్లో ఇలా జారిపోయినవాళ్ళు ఇంకెంతమందో ఇప్పుడే చూసి చెప్పమంది. ఇద్దరూ కూర్చుని మొదట్నుంచీ చూశారు. మిగతా పదకొండు మందీ మొదటి మోతకే ఎత్తేశారు. ఎదురుచూసేవాళ్ళు ఫోను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంటారు కదా. మేస్త్రి ఒక్కడే. ఆయన పేరు తిరిగి మొదట్లో పెట్టించి, సాయంత్రంలోగా బొమ్మ సరిచెయ్యి, నీ సంగతి రేపు మాట్లాడదాం అంది డాక్టరమ్మ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెల్లెమ్మ అడగలేదు. ఆ క్షణాన అది పెద్ద విషయంగా తోచలేదు.

గదికొచ్చి అన్నయ్య గీసిన అసలు బొమ్మ తెరిచింది. తాను కోసినది కాదు, ఆయన దాచిన మూలం. వెనక్కి తిరిగే బాణం అందులో చెక్కుచెదరకుండా ఉంది. బాణం మీదికి మౌసు తీసుకెళ్ళగానే పసుపు రంగు చీటీ ఒకటి తెరుచుకుంది. అన్నయ్య రాసుకున్న నోటు. అయిదు నెలల కిందట ఆమె అక్కడ ఒక్క క్షణం ఆగి ఉంటే అప్పుడే తెరుచుకునేది.

ఒక తేదీ. ఇరవై ఒక్కేళ్ళ కిందటిది. దాని కింద ఇలా ఉంది. 'ఉదయం పదకొండుంబావు. ఫోను ఎంగేజ్. రెండో పేరుకు ఇచ్చారు. పాత రిజిస్టరు, రెండు వందల పన్నెండో పేజీ. పేరు: అమ్మ.'

రిజిస్టరులో అలా రాయరు. అక్కడ అసలు పేరే ఉండి ఉంటుంది. ఆ పేరు రాయడానికి అన్నయ్యకు చెయ్యి ఆడలేదు కాబోలు, అమ్మ అని రాసుకున్నాడు.

ఆ తేదీని చెల్లెమ్మ వెతుక్కోవలసిన పని లేకపోయింది. డిగ్రీ ఆఖరి పరీక్షకు ముందురోజు. స్నేహితురాలు ఒకతె పది నిమిషాలకోసారి ఫోను చేసి ఏదో ఒక అనుమానం అడుగుతూ చంపుకు తింటోంది. విసిగిపోయి తొమ్మిదింటికి రిసీవరు తీసి పక్కన పెట్టేసింది. దినపత్రిక మీద పెట్టింది, అది కూడా గుర్తుంది. పన్నెండింటికి అన్నయ్య వచ్చాడు. చూసి, రిసీవరు తిరిగి ఫోను మీద పెట్టి, "ఇదెంతసేపయింది?" అన్నాడు. పుస్తకంలోంచి తలెత్తకుండానే "ఇప్పుడే" అంది. పక్క గదిలో అమ్మ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. అంచులు వేళ్ళతో వెతుక్కుంటూ మడతపెడుతోంది. అంత చిన్న అబద్ధం. ఆడిన మరుక్షణమే మరిచిపోయింది.

మూడేళ్ళ తర్వాత అన్నయ్యకు ఈ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆ పాత రిజిస్టరు ఆయన చేతికే వచ్చింది. ఆ రోజు ఆయన ఇంటికి ఎలా వచ్చాడో, అన్నం ఎలా తిన్నాడో ఆమెకు గుర్తులేదు. మర్నాడే అమ్మను తీసుకొచ్చి చూపించాడని మాత్రం గుర్తుంది. లోపల నరం చచ్చుబడిపోయింది, ఇక పొర మార్చినా లాభం లేదన్నారు. అమ్మ ఆయన్నే ఆడిపోసుకునేది. నా పేరు సరిగ్గా రాయించలేదురా, అందుకే ఫోను రాలేదు, అనేది. "అవునమ్మా, నాదే పొరపాటు" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. చెల్లెమ్మ పక్కనే ఉండి వినేది. విని, నిజమే కదా అనుకునేది. చివరికి నలుగురిలోనూ నిలబెట్టి అదే మాట ఆయన మొహాన కొట్టింది. అప్పుడు ఒక్క మాట, 'ఆ రోజు రిసీవరు తీసింది నువ్వే' అన్న ఒక్క మాట అని ఉంటే ఆమె అక్కడే కూలిపోయేది. ఆయన అనలేదు. తల వంచుకుని నిలబడ్డాడు.

చెల్లెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్క బల్ల దగ్గరామె వచ్చి భుజం మీద చెయ్యి వేసింది, అన్నయ్య గుర్తొచ్చారా అంది. అవునన్నట్టు తలూపింది. అంతకంటే ఏం చెబుతుంది?

ఏడుపు ఆగాక పనిలో పడింది. ఫోను గడిని మూడుసార్లు వరసగా రాసింది. గడికీ గడికీ మధ్య అరగంట ఆగమని పెట్టింది. తర్వాత పక్కింటి నంబరు. అన్ని బాణాలూ ముందుకే, కానీ అన్నిటి అర్థం ఆ వెనక్కి వెళ్ళే బాణమే. ఇంపోర్ట్ నొక్కింది. ఈసారి ఎర్రగుర్తు పడలేదు. పరీక్షించడానికి రోగి పేరుచోట తన పేరే పెట్టి, అరగంటను నిమిషానికి తగ్గించి, ఫోన్ల నర్సును చెయ్యమంది. బల్లమీద ఫోను మోగింది. ఎత్తకుండా కూర్చుంది. ఆగిపోయింది. నిమిషం తర్వాత మళ్ళీ మోగింది. అలా మోగుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. మూడోసారి ఎత్తి, "సరిగ్గా ఉందమ్మాయ్, ఇక పెట్టెయ్" అంది. తన పేరు తీసేసి, నిమిషాన్ని తిరిగి అరగంట చేసింది.

నాలుగింటికి మేస్త్రికి ఫోను చేసింది. మొదటి మోత పూర్తికాకుండానే ఎత్తాడు.

"పెట్టావా?"

"పెట్టానండీ. మీ పేరు మళ్ళీ మొదట్లో ఉంది."

ఉండమ్మా, అని ఫోను బల్లమీద పెట్టినట్టున్నాడు. తలుపు తెరిచిన చప్పుడు, కర్ర చప్పుడు, ఆ తర్వాత తాళంచెవి తిప్పుతున్న చప్పుడు. కర్ కర్ కర్. తర్వాత సన్నగా, నెమ్మదిగా ఒక గడియారం నడవడం మొదలుపెట్టింది.

"ఒకటి తిప్పాను. దీనికి గంటలు లేవులే," అన్నాడు ఫోను అందుకుని. "మిగతావి కన్ను వచ్చాక." చెల్లెమ్మ ఏదో చెప్పబోయింది. అప్పటికే ఆయన పెట్టేశాడు.

ఇక అన్నయ్య బొమ్మ మూసేసి ఇంటికి వెళ్ళవచ్చు. మూయబోతూ ఆగింది. తాను ఆ రోజు తీసిపారేసినవి రెండు కదా. రెండోదేమిటో చూడనే లేదు. అసలు బొమ్మను కిందికి జరిపింది. కుడివైపు మూలన, మిగతా గడులకు దూరంగా, అవునా కాదా అని అడిగే చోట వాడే ఏటవాలు గడి ఒకటి ఒంటరిగా ఉంది. సందేహాల గడి అనేవాడు అన్నయ్య దాన్ని. లోపల చిన్న అక్షరాలు. పెద్దవి చేసి చదివింది.

'చెల్లికి చెప్పాలా?'

అవునన్న బాణమూ లేదు, కాదన్న బాణమూ లేదు. అందుకే కదా దాని మీద ఎర్రగుర్తు పడింది. ఎన్నేళ్ళు మోశాడో ఆ ప్రశ్నను! పనిచేసుకునే బొమ్మలోనే, రోజూ కళ్ళబడే చోటే పెట్టుకుని, ఎటూ తేల్చుకోలేక అలా ఉంచేశాడు. తాను దాన్ని చదవకుండా చెత్తలో వేసింది.

గడి కింద ఇంకా చిన్నగా, 'రెండో పేజీ' అని ఉంది.

ఇంపోర్ట్ చేసేది మొదటి పేజీనే. రెండోది ఉన్నా డిజైనర్‌కు పట్టదు, తీసుకోదు. అందుకే ఈ ఎనిమిది నెలల్లో దాన్ని ఎవరూ తెరవలేదు. చెల్లెమ్మ తెరిచింది. తెల్లటి పేజీ, పైన తేదీ. అన్నయ్య పోవడానికి సరిగ్గా పదిరోజుల ముందుది. మధ్యలో రెండే గడులు.

మొదటి గడి: 'అదే రోజు పన్నెండున్నరకు ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ ఫోను చేశారు.'

అక్కణ్ణుంచి ఒక బాణం. రెండో గడి: 'అమ్మ ఎత్తింది.'

చెల్లెమ్మ రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరం అక్షరం చదివింది. అమ్మ ఎత్తడమేమిటి? బతికినన్నాళ్ళూ ఫోను రాలేదనే అంది అమ్మ. రాలేదనే అన్నయ్యను దెప్పింది. ఆ మాట నమ్మే కదా తానూ ఆయన్ను దూరం పెట్టింది.

రెండో గడి నుంచి ఇంకో బాణం బయల్దేరి పేజీ అంచు దాకా వెళ్ళి ఆగింది. దాని కొన దగ్గర మూడు మాటలున్నాయి. 'మీ వదినను అడుగు.'

తాను వదిన ఇంటి గడప తొక్కి ఎనిమిది నెలలైంది. మొహం చెల్లక వెళ్ళలేదు. చెల్లెమ్మ ఫోను తీసింది. నంబరు నొక్కింది. అవతల మోగింది, మోగి మోగి ఆగిపోయింది. నిన్నటి చెల్లెమ్మ అయితే అక్కడితో ఊరుకునేది, రేపు చూద్దాంలే అనుకునేది.

మళ్ళీ చేసింది.

ఈసారి ఎత్తారు. వదిన హలో అనలేదు, ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా అని నిష్ఠూరమూ ఆడలేదు.

"రెండో పేజీ చూశావా?" అంది.